మూడో గోరు

పిస్కాటవేలో తెలుగు క్రైస్తవులకి సొంత చర్చి లేదు. అక్కడి అమెరికన్ చర్చి ఒకటి దయతలచి, ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా తన బేస్‌మెంట్ వాడుకోమంది. పెద్దలు ఒక వైపు పాటలు పాడుకుంటుంటే, రెండో వైపు బాయిలర్ గది పక్కన విమలకుమారి సండే స్కూల్ నడిపేది. పిల్లలు ఏడుగురు. ఫిబ్రవరి చలికి కోట్లు విప్పకుండా కూర్చుని, బాయిలర్ ఎప్పుడు ఢామ్మంటుందా, ఎప్పుడు అందరూ కలిసి అటు తిరుగుదామా అని కాచుకుని ఉండేవారు. పాఠం చెప్పే మనిషికి అంతకంటే గట్టి పోటీ ఉండదు.

ఆ ఆదివారం పాఠం బబులోను పతనం. విమలకుమారి బొమ్మలు బాగా గీస్తుంది. అట్ట మీద గీసి, రంగులు వేసి, కత్తిరించి, వెనక ఉన్నిగుడ్డ అతికించి, ఫ్లానెల్ బోర్డు మీద ఒక్కొక్కటే పెడుతూ కథ చెప్పింది. బెల్షస్సరు రాజు, అతని విందు, బంగారు గిన్నెలు, గోడ మీద రాసే చెయ్యి. ఆ చెయ్యంటే ఆమెకి మహా ముచ్చట. ఐదు గోళ్ళూ ఒకే కొలతకి తీర్చినట్టుంటాయి.

"అదే రాత్రి పారసీకులు ఊళ్ళోకి వచ్చేశారు. రాజు చచ్చిపోయాడు. రాజ్యం కోరెషు చేతికి వెళ్ళిపోయింది," అని ముగించి బొమ్మలు తీయబోయింది.

సామ్యూల్ గారి కూతురు మణి చెయ్యెత్తింది. పదేళ్ళ పిల్ల. దానికి అన్నీ కావాలి.

"ఆంటీ, మరి నెక్స్ట్ డే?"

"నెక్స్ట్ డే ఏముంది? కోరెషు కింగ్ అయ్యాడు."

"కింగ్ కాదు ఆంటీ. మిగతా పీపుల్. నెక్స్ట్ డే బ్రెడ్ ఎవరు చేశారు?"

సరిగ్గా అప్పుడే బాయిలర్ ఢామ్మంది. పిల్లలంతా అటు తిరిగారు. విమలకుమారి బతికిపోయాననుకుంది. మణి మాత్రం తిరగలేదు. లేచి బోర్డు దగ్గరికొచ్చి, అట్టచెయ్యిని ఒకసారి, ఆంటీ ఎడమచేతిని ఒకసారి చూసింది.

"మీ థంబ్‌నెయిల్ ఎందుకు టూ పీసెస్ ఉంది?"

"చిన్నప్పుడు అటుకులు దంచుతుంటే రోకలి పడింది."

"కట్ చేస్తే న్యూ నెయిల్ రాదా?"

"వస్తుంది. అదీ చీలే వస్తుంది. ముప్పై ఏళ్ళబట్టీ అంతే."

మణి ఆ సంగతి బుర్రలో వేసుకుని వెళ్ళి కూర్చుంది. రొట్టెల ప్రశ్న మాత్రం విమలకుమారి వెంట ఇంటికొచ్చింది. ఎందుకంటే వారం పొడుగునా ఆమె కూర్చునేది ఆ ఊరి మట్టి ముందే.

సోమవారం ఉదయం భర్త ఆనందబాబు ఆమెను యూనివర్సిటీ మ్యూజియం వెనక గుమ్మం దగ్గర దింపి తన ల్యాబ్‌కి వెళ్ళిపోయాడు. ఆమె పని చేసేదీ బేస్‌మెంట్‌లోనే. అమెరికాలో తన బతుకంతా నేల కిందే గడుస్తోందని అప్పుడప్పుడు నవ్వుకునేది. ఇసుక పోసిన పళ్ళెంలో బబులోనులో దొరికిన అరచేతంత మట్టిపలక ఒకటి కదలకుండా పెట్టుకుని, ఎడమవైపు పైనుంచి దీపం పడేలా సర్ది, కొలతలు తీసి, పల్చటి ఫిల్మ్ కాగితం మీద సన్నపాళీ పెన్నుతో పలకలో మేకుల్లా దిగిన గుర్తులని ఒక్కొక్కటే దించాలి. ఆ అక్షరాలు చదవడం ఆమెకు రాదు. చదవడం ప్రొఫెసర్ లాంగ్లీ పని. అతను రాసే పుస్తకం బబులోను పారసీకుల చేతికి పోయిన ఆ ఒక్క ఏడాది గురించి. పుస్తకంలోకి ఎక్కే నలభై పలకలకూ బొమ్మలు ఆమెవి. శుక్రవారానికి అన్నీ ప్రెస్సుకి పోవాలి.

పక్క బల్ల కమ్రాన్‌ది. అతను పలకలకి రబ్బరు అచ్చు తీసి, ప్లాస్టర్ పోసి నకళ్ళు చేస్తాడు. ఊరు ఇరాన్‌లో షిరాజ్, ఆ పారసీకుల దేశమే. పీహెచ్‌డీ చదువుతున్నాడు. కుంచెతో పలక మీద తెల్ల పౌడరు అద్దుతూ ఏదో కూనిరాగం తీస్తుంటాడు. ఆ చలికాలం ఆ రాగమూ తగ్గింది. టెహరాన్ ఎంబసీలో అమెరికన్లను పట్టి ఉంచి వంద రోజులు దాటింది. క్యాంటీన్‌లో అతను కూర్చున్న టేబుల్ దగ్గర ఇంకెవరూ కూర్చోవడం లేదు. అతనూ క్యాంటీన్‌కి వెళ్ళడం మానేశాడు.

"కమ్రాన్, మీవాళ్ళు బబులోను పట్టుకున్న మర్నాడు రొట్టెలు ఎవరు చేశారు?" అని అడిగింది విమలకుమారి.

అతను చాలా రోజులకి నవ్వాడు. ఆమెని తన భాషలో ఖానుమ్ అంటాడు, అమ్మగారూ అన్నట్టు. "మంచి ప్రశ్న ఖానుమ్. రాజుల కథలు రాత్రితో అయిపోతాయి. మర్నాటి సంగతి ఏమన్నా ఉంటే ఈ పలకల్లోనే ఉండాలి. ప్రొఫెసర్ బాధ కూడా అదే కదా. అంతకుముందు పలకల్లో ఉన్నవాళ్ళు ఆ తరువాత కనిపించరు. తరువాతి వాళ్ళు ముందు లేరు. రెండు వైపులా ఉన్న మనిషి ఒక్కరైనా దొరకలేదని జుట్టు పీక్కుంటున్నాడు."

ఆ మాట పూర్తవుతుండగానే మ్యూజియం వస్తువుల లెక్క చూసే రిజిస్ట్రార్ మిసెస్ హారిస్ లోపలికొచ్చింది. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో విమలకుమారి గీసిన బొమ్మ. చెడ్డ మనిషి కాదు. క్రిస్మస్‌కి అందరికీ తన చేత్తో చేసిన కేకు ఇస్తుంది, కమ్రాన్‌కి కూడా ఇచ్చింది. పెట్టె బల్ల మీద పెట్టి మూత తీసింది.

"ఇరవై ఏడో పలక. జులైలో గీసిన ఈ బొమ్మలో కుడి అంచు నున్నగా ఉంది. ఇవాళ చూస్తే నాలుగు గంట్లు ఉన్నాయి. తెల్లగా, కొత్తగా. మధ్యలో దీన్ని ముట్టుకున్నది మీరొక్కరే."

కమ్రాన్ వంగి చూశాడు. "ఆ తెలుపు నా పౌడరు. గంట్లు మాత్రం నేను ముట్టుకునేసరికే ఉన్నాయి."

"బొమ్మలో లేవు."

"లేకపోవచ్చు. పలక మీద ఉన్నాయి."

మిసెస్ హారిస్ విమలకుమారి వైపు తిరిగింది. "మీరు ఉన్నది ఉన్నట్టే గీస్తారు కదా?"

విమలకుమారి తల ఊపింది. ఆలోచించి ఊపలేదు. పై అధికారి అడిగితే తల దానంతటదే ఊగింది. ఊగాక ఇక ఆపడం ఎలాగో తెలియలేదు.

అంతే. గురువారం ప్రొఫెసర్ కాన్ఫరెన్స్ నుంచి వచ్చేదాకా కమ్రాన్ ఆ గదిలోకి రాకూడదు. ప్రొఫెసర్ వచ్చాక, కమ్రాన్ నిర్లక్ష్యంతో పలక పాడుచేశాడని ఉత్తరం రాసి ఫైల్లో పెడతారు. ఆ ఉత్తరం పడిందంటే ఈ పని పోతుంది. పని పోతే ఫీజు కట్టలేడు, ఫీజు కట్టకపోతే వీసా నిలవదు. ఇంటి నుంచి అతనికి డబ్బు రావడం నవంబరులోనే ఆగిపోయింది. ఇదంతా ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. కమ్రాన్ కుంచెలు కడిగి, తుడిచి, వరసగా పెట్టి, కోటు వేసుకుని, ఆమె వైపు ఒక్కసారి చూసి వెళ్ళిపోయాడు.

మంగళవారం అంతా విమలకుమారికి చెయ్యి కుదరలేదు. మధ్యాహ్నానికి జులై నెల గుర్తొచ్చింది. గుర్తుకు రాకపోతే బాగుండుననుకుంది గాని వచ్చింది. ఇరవై ఏడో పలక ఆమె గీసిన మొదటి పది పలకల్లో ఒకటి. కుడి అంచున నాలుగు చిన్న వంకరలు కనిపించాయి. పలక మీద ఏదో గీసుకుపోయిందనుకుంది. ఇంత చక్కటి బొమ్మలో ఈ మచ్చలేమిటని అంచుని ఒకే గీతతో నున్నగా దించేసింది.

నరసాపురం కాలేజీలో జువాలజీ రికార్డులకి ఆమె పెట్టింది పేరు. కప్పని కోస్తే లోపల గుండె ఎటు జరిగి ఉన్నా సరే, రికార్డులో మాత్రం నిరుటి సీనియర్ గీసినట్టే నిటారుగా, రెండు వైపులా సమానంగా ఉండాలి. మచ్చ గీస్తే లెక్చరర్ గారు ఎర్రసిరాతో సున్నా చుట్టి, నీట్‌నెస్‌కి రెండు మార్కులు కోసేవారు. ఆమెకి ఎప్పుడూ కోయలేదు. ఆ నీట్‌నెస్ ఇన్నేళ్ళకి, ఇన్ని వేల మైళ్ళ అవతల ఒక మనిషి మెడకి చుట్టుకుంది.

సాయంత్రం కారులో ఆనందబాబుకి చెప్పింది. అతను వైపర్లు ఆపి మళ్ళీ వేశాడు.

"విమలా, నేను చెప్పేది విను. మా డివిజన్ క్లోజ్ చేస్తారని టాక్ ఉంది. నిన్ను మార్చిలో పర్మనెంట్ చేస్తామన్నారు. ఇప్పుడెళ్ళి నా డ్రాయింగ్ తప్పు అంటే, మిగతా థర్టీ నైన్ కరెక్టేనా అని అడుగుతారు. ఏం చెప్తావు?"

"అదే నాకూ తెలియడంలేదండీ."

"ప్రొఫెసర్ పెద్దాయన. ఆయనే చూసుకుంటాడు. నువ్వు కల్పించుకోకు."

అతని మాటలో తప్పేమీ కనిపించలేదు ఆమెకి. భయమున్న చోట ఏ మాటయినా సబబుగానే ఉంటుంది. అన్నం వండింది, పప్పు తాలింపు పెట్టింది, బొటనవేలి గోరు చూసుకుంటూ కూర్చుంది.

బుధవారం గదిలో ఆమె ఒక్కతే. బీరువా తెరిచి ఇరవై ఏడో పలక తెచ్చి ఇసుకలో పెట్టింది. తను పోగొట్టింది ఏమిటో కనీసం కళ్ళారా చూడాలనిపించింది. కమ్రాన్ కుంచె తీసుకుని, ఆ నాలుగు గంట్లలోని పౌడరుని ఊదుతూ, దులుపుతూ, మళ్ళీ ఊదుతూ పావుగంట గడిపింది. తెలుపు పోయింది. అడుగున మట్టి పలకంత పాతగా, అదే గోధుమరంగులో ఉంది. కొత్తగా పగిలిన మట్టి అలా ఉండదు. దీపాన్ని బాగా కిందికి వంచి భూతద్దం పెట్టింది.

గంట్లు కావు. నెలవంకలు. పక్కపక్కనే నాలుగు, పచ్చిమట్టిలో మెత్తగా దిగినవి. మూడో నెలవంక మధ్యలో తెగి, రెండు ముక్కల నడుమ సన్నటి గట్టు ఉంది.

అద్దం కింద పెట్టి తన బొటనవేలి వైపు చూసుకుంది. మళ్ళీ అద్దం తీసుకుంది. అప్పుడు తట్టింది, దీన్ని తను ఇంతకుముందు చూసింది. ఇక్కడ కాదు. డిసెంబరులో. పన్నెండో పలక అంచున. అప్పుడు కమ్రానే చెప్పాడు, ముద్ర లేని సామాన్యులు ముద్రకి బదులు పచ్చిపలకలో గోళ్ళు గుచ్చేవాళ్ళని, మా ఊళ్ళో వేలిముద్ర వేసినట్టే కదా అని తనూ అంది. ఆ పలకలో పక్కనే ఆ సంగతి రాసి కూడా ఉందని చెప్పాడు గనక వాటిని శ్రద్ధగా గీసింది. ఇరవై ఏడో పలకలో ఆ రాత ఉండాల్సిన మూల విరిగిపోయింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

ఆమె పరుగులాంటి నడకతో వెళ్ళి పన్నెండో పలక తెచ్చింది. రెండూ ఒకే ఇసుకలో పక్కపక్కన పెట్టింది. నాలుగు నెలవంకలు ఇటు, నాలుగు అటు. కొలిచింది. వెడల్పులు ఒకటే. మూడోది రెండింటిలోనూ తెగి ఉంది, అదే చోట, అదే వంపుతో. మధ్యాహ్నం తిండి మాట మరిచిపోయి ప్రొఫెసర్ చీటీలు వెతికింది. పన్నెండో పలక: పాత రాజు పదిహేడో ఏడు, రాజ్యం పోవడానికి నెల ముందు. ఒక తల్లి, పేరు అరిగిపోయింది, పెద్దబిడ్డని నేతపని నేర్చుకోవడానికి అప్పగించింది. ఇరవై ఏడో పలక: కోరెషు గద్దెనెక్కిన ఏడు, రాజ్యం పోయిన రెండు నెలలకి. ఎవరో స్త్రీ, ఇక్కడ పేరు ఉన్న చోటు విరిగిపోయింది, చిన్నబిడ్డని రొట్టెలు కాల్చే పని నేర్చుకోవడానికి అప్పగించింది.

విమలకుమారి కుర్చీలో వెనక్కి వాలింది. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రెండు వేల అయిదు వందల ఏళ్ళుగా ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఆ క్షణాన ఆమె ఒక్కర్తికే తెలుసు. ఆ సంతోషం వెనకే ఇంకోటి వచ్చి కూర్చుంది. ఇది చెప్పాలంటే జులైలో తను చేసింది చెప్పాలి. అది దాచి ఇది చెప్పే దారి లేదు.

గురువారం ప్రొఫెసర్ లాంగ్లీ కోటు మీద మంచు దులుపుకుంటూ వచ్చాడు. వెనకే మిసెస్ హారిస్, చేతిలో టైపు చేసిన ఉత్తరం. కమ్రాన్‌ని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. అద్దాల తలుపులోంచి అతని మోకాళ్ళు, వాటి మీద టోపీ కనిపిస్తున్నాయి. సంతకం కోసం ప్రొఫెసర్ పెన్ను తీశాడు.

"ఒక్క నిమిషం," అంది విమలకుమారి. "ఆ గుర్తులు జులైలోనే ఉన్నాయి. నేను చూశాను. మచ్చలనుకుని గీయలేదు. మొన్న అడిగితే అబద్ధానికి తల ఊపాను."

మిసెస్ హారిస్ ఉత్తరం కిందికి దించింది. విమలకుమారి ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని, పలకలు రెండూ దీపం కిందికి జరిపి అద్దం ఆయన చేతికిచ్చింది.

ఆయన చాలాసేపు చూశాడు. "మూడు నెలల తేడా ఉంది. ఈలోగా చీలిన గోరు పెరిగి పోదా?"

విమలకుమారి కమ్రాన్ బల్ల మీది బంకమట్టి కొంచెం తీసి, బల్లకేసి అదిమి, తన బొటనవేలి గోరు గుచ్చి చూపించింది. నెలవంక మధ్యలో తెగి గట్టు కట్టింది. "నాకు ఆరో ఏట రోకలి పడింది. ఇప్పుడు ముప్పై ఆరు. గోరు పుట్టే మొదలులో దెబ్బ తగిలితే జన్మంతా ఇంతే."

ప్రొఫెసర్ మట్టిని చూశాడు, పలకలని చూశాడు, ఆమె చేతిని చూశాడు. ఆయన మొహం పిల్లవాడి మొహంలా అయిపోయింది. "రెండు వైపులా ఉంది. ఈవిడ రెండు వైపులా ఉంది," అంటూ గదిలో అటూ ఇటూ తిరిగాడు. ప్రెస్సుకి ఫోన్ చెయ్యాలన్నాడు, కొత్త అధ్యాయం రాయాలన్నాడు, రేపటికి ఇరవై ఏడో బొమ్మ మళ్ళీ గీయగలరా అన్నాడు. తలుపు తీసి, బెంచీ మీద కూర్చున్న మనిషి పక్కనుంచి చూడకుండానే దాటి హాల్లోకి వెళ్ళబోయాడు.

విమలకుమారికి ఒళ్ళు మండింది. ఎప్పుడో చచ్చిపోయిన తల్లి దొరికిందని ఇంత సంబరం. బతికున్నవాడు గుమ్మంలో ఉన్నాడు.

"నేను గీయను," అంది.

ప్రొఫెసర్ ఆగాడు. ఆమె పెన్నుకి మూత పెట్టి బల్ల మీద పెట్టింది.

"ఆ ఉత్తరం చింపెయ్యండి. ఆయన్ని లోపలికి పిలిచి పొరపాటైందని చెప్పండి. ఆ తరువాత గీస్తాను."

మిసెస్ హారిస్ ముందు ఉత్తరం వైపు, తరువాత తలుపు వైపు చూసింది. ఆవిడే వెళ్ళి తలుపు పూర్తిగా తీసింది. "మిస్టర్ కమ్రాన్, లోపలికి రండి. నేను తొందరపడ్డాను. క్షమించండి." ఉత్తరం నాలుగు ముక్కలైంది. ప్రొఫెసర్ చెవులు ఎర్రబడ్డాయి. ఆయన కూడా ఏదో గొణిగి కమ్రాన్ చెయ్యి పట్టుకుని ఊపాడు.

"ఫైల్లో ఒక ఉత్తరం ఉండాలి," అంది మిసెస్ హారిస్ విమలకుమారితో, కాస్త నెమ్మదిగా. "పొరపాటు ఎవరిదో రాసి ఉండాలి. మార్చి సంగతి అది చదివాక పైవాళ్ళు తేలుస్తారు."

"రాయండి. సంతకం పెడతాను."

వాళ్ళిద్దరూ వెళ్ళాక కమ్రాన్ కుంచె తీసి చూసుకున్నాడు. వాడినట్టు తెలిసింది. విమలకుమారి అతని బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఆ గుర్తులు ఉన్నా నేను గీయలేదని మీకు సోమవారమే తెలుసా?"

"తెలుసు ఖానుమ్."

"మరి అనలేదేం?"

"అంటే ఎవరు నమ్ముతారు, మీ బొమ్మ ఉండగా? మీరే చెప్పాలి. ఎన్ని రోజులకి చెప్తారో అని చూస్తూ కూర్చున్నాను." పౌడరు డబ్బా మూత తీశాడు. "మూడు రోజులు పట్టింది."

అతను కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. ఆమెకి అది చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. తిరిగి తన బల్ల దగ్గరికి వెళ్ళి, దీపం వంచి, కొత్త ఫిల్మ్ కాగితం పరిచింది. అంచు గీయడానికే సాయంత్రం దాకా పట్టింది. మూడో గోరు తెగిన చోట పెన్ను ఎత్తి, గట్టు వదిలి, మళ్ళీ దించింది. చక్కగా రాలేదు. ఉన్నట్టుగా వచ్చింది.

కారులో ఆనందబాబుకి అంతా చెప్పింది. ఇంటి మలుపు తిరిగాక, "రేపు లంచ్‌కి అతనికి కూడా ఏమన్నా పట్టుకెళ్ళు. పులిహోర తింటాడేమో అడుగు," అన్నాడు.

ఆదివారం బేస్‌మెంట్‌లో ఫ్లానెల్ బోర్డు లేదు. విమలకుమారి సంచిలోంచి చేతిరుమాలు తీసి విప్పింది. ఇరవై ఏడో పలకకి కమ్రాన్ శుక్రవారం పోసి ఇచ్చిన ప్లాస్టర్ నకలు. పిల్లలు చుట్టూ మూగారు. మణి అందరికంటే ముందు దూరి, నాలుగు నెలవంకల్లో తన నాలుగు గోళ్ళు పెట్టి చూసింది. మూడోది కుదరలేదు.

"ఇది ఎవరిది ఆంటీ?"

"ఒక అమ్మది. పేరు తెలియదు. మీ నాన్నగారిని రోకలంటే ఏమిటో అడుగు, ఆవిడకి అలాంటిదేదో పడి ఉంటుంది."

"మీరు ఫైండ్ చేశారా?"

పక్కన సామ్యూల్ గారు పాటల పుస్తకం మూసి వింటున్నారు. విమలకుమారి ఆయనకీ వినపడేలా చెప్పింది.

"ముందు చూసి, మచ్చలనుకుని వదిలేశాను. అందువల్ల ఒకాయన మీద నింద పడింది. తప్పు నాదని చెప్పడానికి మూడు రోజులు పట్టింది. తరువాత ఫైండ్ చేశాను."

మణి ఆ మాటని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ అమ్మ ఏం చేసింది?"

"కింగ్ చచ్చిపోయాడు, పారసీకులు వచ్చారు అన్నాను కదా. రెండు నెలలకి ఈవిడ తన చిన్నబిడ్డని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, దీనికి రొట్టెలు చేయడం నేర్పండి అని గోళ్ళు గుచ్చి వెళ్ళింది."

"సో, బ్రెడ్ ఉంది."

"ఉంది."

గోడ అవతల బాయిలర్ ఢామ్మంది. పిల్లలెవరూ అటు తిరగలేదు. ఆ నకలుని చేతులు మార్చుకుంటూ, ఒక్కొక్కరే తమ గోళ్ళు పెట్టి చూసుకుంటున్నారు.